నల్లబొంత

కథ ఎక్కడ ఆగిందో ముందు ఒక్కసారి గుర్తు చేసుకుందాం. మెదడులో పుట్టే మంట, అంటే ఇన్ఫ్లమేషన్, మీద బెంగుళూరులో పరిశోధన చేస్తున్న రజనీకుమారి, రక్తం నమూనాల కోసం తను పుట్టి పెరిగిన భిలాయికి వచ్చింది. హథ్‌ఖోజ్‌లో మూతపడిన మాంగనీసు మిల్లులో పొడి కొట్టిన నలభై మంది మగవాళ్ళ రక్తం తీయించింది. పోల్చి చూసేందుకు ఆ ఇళ్ళ ఆడవాళ్ళు నలభై మంది రక్తం కూడా తీయించింది. ఆ ఆడవాళ్ళలో తన తల్లి నూకాలమ్మ ఒకరు. తండ్రి గోవిందరావుని తొమ్మిదేళ్ళు వణికించి చంపింది ఆ మిల్లేనని రజని నమ్మకం. ఫలితాలు వచ్చాయి. మగవాళ్ళ రక్తంలో ఎంత మంట ఉందో ఆడవాళ్ళ రక్తంలోనూ ఇంచుమించు అంతే ఉంది. సీసాలు తారుమారయ్యాయని ఆమె గైడు ఫోన్‌లో తేల్చేశాడు. శనివారం సుపేలాలో చర్చి హాల్లో, పదిమంది ఎదుట, రక్తం తీసిన, తల్లి తమ్ముడూ అని పిలుచుకునే సామ్యూల్‌ని రజని అదే మాట అడిగింది. ఆయన తన రిజిస్టరు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

* * *

చదువుకున్నవాళ్ళలో ఒక గొప్ప గుణం ఉంది. మనిషిని అవమానించేశాక తీరిగ్గా ఆధారాలు వెతుకుతారు.

సోమవారం పొద్దున్నే రజని ఖుర్సీపార్‌లో తల్లి ఇంట్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, సామ్యూల్ రిజిస్టరు తెరిచింది. ఒక్కో సీసాకి ఒక్కో వరస. నంబరు, పేరు, టైము, ఏ చెయ్యి, ఎన్నోసారికి నరం దొరికింది, అన్నీ గుండ్రటి అక్షరాల్లో రాసి ఉన్నాయి. పన్నెండో పేరు పైడమ్మది. దాని పక్కన 'ఎడమ చెయ్యి, నరం సన్నం, రెండుసార్లు గుచ్చాను, క్షమించమని అడిగాను' అని ఉంది. ప్రతి సీసా చీటీ మీదా ఎవరి వేలిముద్ర వాళ్ళచేతే వేయించాడు. అది రజని అడిగిన పని కాదు. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి లేబొరేటరీలో పనిచేసి రిటైరైన మనిషి తనంతట తాను పెట్టుకున్న జాగ్రత్త.

మూడు గంటలు వెతికింది. ఒక్క తప్పు దొరకలేదు. దొరికి ఉంటే ఆమెకి ఎంత హాయిగా ఉండేదో! శనివారం అన్న మాటకి కనీసం ఒక సాకు ఉండేది.

"అమ్మీ, ఈ సూదిలో దారం ఎక్కించవే. కళ్ళు ఆనడం లేదు," అని వాకిట్లోంచి నూకాలమ్మ పిలిచింది.

"రుకో అమ్మా, ఏక్ మినిట్," అంది రజని తల ఎత్తకుండా.

నిమిషం కాస్తా అరగంట అయింది. నూకాలమ్మ మళ్ళీ అడగలేదు. తనకోసం ఎవర్నైనా రెండోసారి అడగడం ఆవిడకి అలవాటు లేని పని. చివరికి రజనికే సిగ్గేసి లేచి వాకిట్లోకి వెళ్ళింది.

నులకమంచం మీద, ఫిబ్రవరి ఎండలో, పాత బొంత పరిచి ఉంది. పైన చిలకాకుపచ్చ చీర, కింద వంగపండు రంగు చీర, మధ్యలో దగ్గరదగ్గరగా తెల్లదారం కుట్లు. రజని పుట్టినప్పుడు కుట్టిన బొంత అది. పదిహేనేళ్ళు అదే కప్పుకుని పడుకుంది. పరీక్షల ముందు దాని కింద ముడుచుకుంటే తప్ప నిద్ర పట్టేది కాదు. వానొచ్చే ముందు ఇనపగేటు వాసన లాంటిది ఏదో అందులోంచి వచ్చేది. ఆ వాసనంటే ఆమెకి ప్రాణం.

ఒక మూల చిరిగింది. నూకాలమ్మ ఆ చిరుగు ముందు సూది పట్టుకుని కూర్చుంది. చిరుగులోంచి లోపలి గుడ్డ కనబడుతోంది. రజని వేలు పెట్టి తడిమింది. బయటికి తీస్తే వేలి కొస నల్లగా ఉంది.

"అమ్మా, లోపల ఇదేంటి?"

"ఏటేటి? మిల్లు గుడ్డలు. గోనె బస్తా లోపల గుడ్డ సంచులుండీవి కదేటి, పొడి కారకండా. సిరిగిపోయినవి వోళ్ళు పారేస్తే మీ నాన్న తెచ్చీవోడు. అలాటి గుడ్డ ఇప్పుడెక్కడ దొరుకుతాది? ఎంత మెత్తనో సూడు."

"కడిగేవాళ్ళేనా?"

"కడగకేటి? ముందు దులిపీవోళ్ళం. ఐతారం ఆడోళ్ళం అందరం నల్ కాడ సేరి, ఇద్దరిద్దరం కొసలు పట్టుకుని దులపడం. ఒలమ్మో, ఆ నలుపు! ముక్కుల్లో నలుపు, పళ్ళ మీద నలుపు. ఒకల మొగం ఒకలు సూసి నవ్వుకునీవోళ్ళం. పిల్లలు మీరేమో ఆ దుమ్ములో గెంతీవోరు. దులిపినాక ఒక్క తడుపు. నల్ అరగంటే కదా వొచ్చీది, రెండో తడుపుకి నీళ్ళెక్కడివి?"

నూకాలమ్మ ముఖం ఆ మాటలు చెబుతుంటే విచ్చుకుంది. భర్త పోయాక ఆవిడ అంత సంతోషంగా మాట్లాడడం రజని చూడలేదు. ఆ ఆదివారాలు ఆవిడ బతుకులో మంచి రోజులు.

"అందరూ తెచ్చుకునేవాళ్ళా?" అని రజని అడిగింది.

"అన్ని ఇళ్ళోళ్ళూను. సీపురుపల్లి కాడినుంచి కూడి వొచ్చినోళ్ళం కదేటి. బిడ్డ పుడితే పెద్దది ఎవులుంటే ఆవిడ బొంత కుట్టియ్యాల. పైడమ్మోళ్ళత్త పోయినాక ఆ పని నాకే వొచ్చినాది. మన గల్లీలో పుట్టిన పిల్లలు అందరికీ నాను కుట్టిందే."

"ఇంకా ఉన్నాయా ఆ గుడ్డలు?"

"నేవు. పెట్టి అడుగున దాసినాను నాలుగు. అవీ కిస్మస్ ముందర ఖతం అయిపోనాయి."

అంతవరకు నయం అనుకుంది రజని. అనుకుని, కుళాయి దగ్గరికి వెళ్ళి వేలు రుద్దిరుద్ది కడుక్కుంది. నలుపు పోయాక కూడా కడుగుతూనే ఉంది.

మెదడులో కాపలా కణాలుంటాయి. బయటినుంచి ఏదైనా చొరబడితే తరిమేయడం వాటి పని. మాంగనీసు పొడి ఏళ్ళ తరబడి ఊపిరితో లోపలికి పోతే ఆ కాపలావాళ్ళకి నిద్ర ఉండదు. ఎత్తిన కర్ర దించడం మరిచిపోతారు. చివరికి ఇంట్లోవాళ్ళనే కొడతారు. రక్తం తీసిన రోజు చర్చి హాల్లో కూర్చున్న ఎనభై మందికీ రజని ఇదే మాట సగం తెలుగులో, సగం హిందీలో చెప్పింది. ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా తల ఊపింది నూకాలమ్మే.

తన ఫారంలో ఆడవాళ్ళ పేర్ల మీద రజని ఏం రాసిందో తెలుసా? 'ఇంట్లో ఉండేవారు. పొడి సోకనివారు.' ఈ వాకిట్లో పుట్టి, ఆ దుమ్ములో గెంతి, ఆ బొంత కప్పుకుని పెరిగిన పిల్ల రాసిన వాక్యం అది. ఏ మగవాడు ఎన్నేళ్ళు ఏ షిఫ్టు చేశాడో నాలుగు పేజీలు అడిగింది. ఆదివారం నాడు ఆడవాళ్ళు ఏం చేసేవారని ఒక్క ప్రశ్న అడగలేదు.

గైడు ఫోన్‌లో అన్న మాట ఇప్పుడు కొత్తగా వినపడింది. "టెక్నీషియన్ పొరపాటని ఒక్క వాక్యం రాసి, ఆడవాళ్ళని తీసెయ్. మగవాళ్ళతో పేపరు వేద్దాం."

ఒక్క వాక్యం. అది రాస్తే నూకాలమ్మకి ఎప్పటికీ ఏమీ తెలియదు. తన చేత్తో కుట్టిన బొంతల గురించి గర్వపడుతూనే వెళ్ళిపోతుంది. సామ్యూల్ మంచివాడు, ఇప్పటికే అవమానం మింగేశాడు, ఇంకొంచెం మింగుతాడు. ఇంత నీచంగా ఆలోచించగలనని రజనికి ఆ పూట దాకా తెలియదు. ఆలోచన మాత్రం వచ్చింది, వచ్చి కూర్చుంది, లేవలేదు.

* * *

మూడు గంటలప్పుడు గుమ్మం ముందు స్కూటరు ఆగింది. సామ్యూల్ దిగాడు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు, ఇదేదో పెద్ద పని అన్నట్టు.

"రా తమ్ముడూ, రా. సందులో నిలబడిపోనావేటి?" అంటూ నూకాలమ్మ ఆయనకి దారి ఇవ్వడానికి వెనక్కి రెండు అడుగులు వేసింది.

మూడో అడుగు పడలేదు. మడమలు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయాయి, ఒళ్ళు మాత్రం వెనక్కి వాలింది. పడేటప్పుడు ఎవరైనా చేతులు చాస్తారు. ఆవిడ చేతులు చాచలేదు. నిలబెట్టిన పలక ఒరిగినట్టు ఒరిగింది. రజని పరుగెత్తి భుజాలు పట్టుకుంది.

"సెప్పు జారినాది," అని నవ్వింది నూకాలమ్మ.

ఆవిడ కాళ్ళకి చెప్పులే లేవు.

గోవిందరావుకి కూడా మొదలు ఇలాగే అయింది. పన్నెండేళ్ళ క్రితం పవర్ హౌస్ బజార్లో ఆవుకి దారి ఇవ్వబోయి వెనక్కి పడ్డాడు. కూరల సంచీ చేతిలోనే ఉంది. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. చెయ్యి వణకడం ఆ తర్వాత ఏడాదికి మొదలైంది. వెనక్కి నడవలేకపోవడం ఆ జబ్బుకి తొలి గుర్తని రజని ఎన్ని పుస్తకాల్లో చదివిందో, ఎంతమందికి పాఠం చెప్పిందో.

సామ్యూల్ కూడా చూశాడు. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో మనుషుల నడక చూసినవాడు. ఆయన చూపు నూకాలమ్మ పాదాల మీంచి రజని ముఖం మీదకి వచ్చి, మళ్ళీ నేల మీదకి దిగింది.

కుర్చీ వేస్తే కూర్చున్నాడు. టీ వద్దన్నాడు.

"అమ్మాయ్, నేను దెబ్బలాడ్డానికి రాలేదు. నా రిజిస్టరు తీసుకుపోదామని వచ్చాను. నువ్వు చూశావా లేదా?"

"చూశాను మావయ్యా."

"తప్పు దొరికిందా?"

రజని లోపలికెళ్ళి రిజిస్టరు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"దొరికితే దొరికిందని చెప్పు. మనిషిని కదా, చెయ్యి తప్పుతుంది. నీ కాగితంలో రాసుకో, నేనేం అడ్డం రాను. కానీ నిన్న ఆరాధనకి వెళ్తే నా వెనక బెంచీలో గుసగుసలు. 'మన రక్తాలన్నీ కలిపేశాడంట.' ముప్ఫై ఏళ్ళమ్మా! ఒక్క సీసా అటూ ఇటూ కాలేదు. అందుకే నా మొఖం చూసి చెప్పమంటున్నాను. హా అయినా సరే, నహీ అయినా సరే."

"ఓలె రజినీ," అంది నూకాలమ్మ మంచం మీంచి. "ఏటది? సామ్యేలు తప్పు సేసినాడంటావేటి? సెప్పు. సేసినాడా, నేదా?"

ఇద్దరు పెద్దవాళ్ళు ఆమె వైపే చూస్తున్నారు. అవునంటే ఈ కుర్చీలోని మనిషి తల దించుకుని వెళ్ళిపోతాడు. కాదంటే ఆ మంచం మీది మనిషి, బొంత మీద చెయ్యి వేసుకుని కూర్చున్న మనిషి, ఇక ఎప్పటికీ ఇలా కూర్చోదు.

తల్లి చెయ్యి బొంత మీద మెల్లగా కదులుతోంది. నిమురుతోందని పొద్దుటినుంచీ రజని అనుకుంటోంది. కాదు. దానంతట అది కదులుతోంది.

"మావయ్య తప్పు చెయ్యలేదమ్మా," అంది. "సీసాలన్నీ సరిగానే ఉన్నాయి. మీ ఆడవాళ్ళ రక్తంలోనూ మగవాళ్ళంత మంట ఉన్నమాట నిజం. నేనే తప్పు. మాఫీ మావయ్యా, అందరి ముందూ అన్నాను, అందరి ముందే అడుగుతాను."

సామ్యూల్ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. నూకాలమ్మ మాత్రం ఊరుకోలేదు.

"మరైతే మా ఆడోళ్ళకెందుకు వొచ్చినాది? మేం మిల్లుకెళ్ళనేదే!"

"మీరు వెళ్ళలేదమ్మా. మిల్లే ఇంటికొచ్చింది."

రజని బొంత చిరుగు మీద వేలు పెట్టింది. ఎలా చెప్పాలో తెలియక, చర్చి హాల్లో చెప్పినట్టే చెప్పింది. దులిపినప్పుడు లేచిన దుమ్ము, ఒక్క తడుపుకి పోని పొడి, చీరల మధ్య కుట్టేసిన గుడ్డ, ఏళ్ళ తరబడి ఊపిరి. ఏడవకూడదనుకుంది గానీ ఏడ్చింది.

నూకాలమ్మ బొంత మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

"అంటే నాను సేసినానా?"

"నువ్వు కాదమ్మా. ఆ పొడి."

"పొడి దానంతటది ఎగిరొచ్చి బొంతలో కూకున్నాదేటి?"

రజని చిరుగు మీంచి వేలు తీసేసింది.

"నీకు తెలీదు కదమ్మా. మిల్లువాళ్ళు చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు."

"మీ నాన్న సెయ్యి వణికితే తొమ్మిదేళ్ళు ఆ మిల్లుని తిట్టినాను," అంది నూకాలమ్మ నెమ్మదిగా. "గేటు ముందర నిలబడి మన్ను పోసినాను. గేటు మీద మజ్‌ప్రదేశ్ అని ఇప్పటికీ అలాగే ఉన్నాది, రాష్ట్రం పేరు మారినా మిల్లు పాపం మారనేదు అనీదాన్ని. సలికి వణుకుతున్నాడని ఇదే బొంత తెచ్చి ఆడికి కప్పినాను. ఆకరి రోజు దాకా కప్పినాను. మరిప్పుడు ఎవుల్ని తిట్టాల?"

రజని తల్లి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఓదార్చడానికి వచ్చిందో, ఓదార్పు కోసం వచ్చిందో ఆమెకే తెలియదు. నూకాలమ్మ అలవాటుగా తల నిమరబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

కుర్చీలో సామ్యూల్ బొంత చిరుగు వైపే చూస్తున్నాడు. ఆయన ముఖంలో రక్తం లేదు.

"అక్కయ్యా," అన్నాడు. "మా సిరికి ఇచ్చింది..."

నూకాలమ్మ నోరు తెరుచుకుంది.

సిరి సామ్యూల్ మనవరాలు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆయన కూతురు షీబాకి క్రిస్మస్‌కి నెలన్నర ముందు పుట్టింది. ఈ గల్లీ పిల్ల కాదు, చీపురుపల్లి ఆచారం పిల్ల కాదు. అయినా తమ్ముడన్నాక తమ్ముడేనని, పెట్టె అడుగున దాచిన చివరి నాలుగు గుడ్డలూ తీసి, నెల రోజులు కూర్చుని నూకాలమ్మ కుట్టిన బొంత సిరి ఉయ్యాల్లో ఉంది.

"పొద్దున్న పిల్ల తడిపేసిందని ఎండలో వేశాను," అన్నాడు సామ్యూల్. "సాయంత్రం తీసి దులుపుదామని షీబా అంది. నేను ఆగలేదు. ఇక్కడికొచ్చే ముందు నేనే దులిపాను. పిల్ల నా పక్కనే మంచం మీద ఉంది. నా చేతులతోనే దులిపాను."

ఆయన లేచి నిలబడ్డాడు. తెల్లచొక్కా మణికట్టు దగ్గర సన్నటి బూడిదరంగు చార ఉంది. వచ్చినప్పటినుంచీ ఉంది. ముగ్గురూ ఇప్పుడే చూశారు.

"మావయ్యా, ఒక్కసారికి ఏమీ కాదు, ఘబరానా నహీ," అంది రజని వెంట పరుగెడుతూ. "పిల్లని పక్క గదిలోకి మార్చండి. ఆ బొంత మళ్ళీ దులపొద్దు, తడిగుడ్డ కప్పి చుట్టేయండి. నేను వస్తున్నాను పదండి."

"నువ్వొద్దు," అంది వెనకనుంచి నూకాలమ్మ.

ఆవిడ మంచం దిగింది. గుమ్మం పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ స్కూటరు దగ్గరికి నడిచింది. ముందుకి బాగానే నడుస్తోంది. ముందుకి నడిచినంతసేపూ ఎవరికీ తెలియదు.

"బిడ్డకి ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదు. మాలో ఎవులూ తీసుకోరు," అంది. "నానే ఇచ్చినాను. నానే తీసుకొస్తాను. షీబాకి నానే సెప్తాను. పోనీ తమ్ముడూ, బేగి పోనీ."

సామ్యూల్ ఒక్క క్షణం ఆగాడు. ఆవిడని కోప్పడతాడేమోనని రజని భయపడింది. ఆయన వంగి, ఆవిడ కాలు పట్టుకుని ఫుట్‌రెస్టు మీద సరిగ్గా పెట్టాడు. స్కూటరు సందు తిరిగి సుపేలా వైపు వెళ్ళిపోయింది.

వాకిట్లో రజని, మంచం, బొంత మిగిలాయి.

ముందు ఆ చిరుగు మూసేయాలి. మూయకుండా బొంత కదిపితే పొడి కారుతుంది. ముక్కుకి తడి చున్నీ కట్టుకుని మంచం దగ్గర కూర్చుంది. పొద్దున్న తల్లి వదిలేసిన సూది, దారపుండ దిండు మీదే ఉన్నాయి. దారం కొస పళ్ళతో కొరికి, తడి చేసి, సూది బెజ్జంలోకి పోనిచ్చింది. పక్కకి పోయింది.

పొద్దుటినుంచీ ఏమీ తినలేదు, ఏడ్చి ఏడ్చి కళ్ళు మసకగా ఉన్నాయి, అందుకే అనుకుంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ పక్కకే పోయింది.

ఈసారి మోచేతులు రెండూ మోకాళ్ళ మీద ఆనించి, ఊపిరి బిగబట్టింది. దారం కొస బెజ్జం ముందు తిరుగుతోంది గానీ లోపలికి వెళ్ళడం లేదు. సూది పట్టిన చెయ్యి కదులుతోందో, దారం పట్టిన చెయ్యి కదులుతోందో తేల్చుకోవాలని ఆమె చాలాసేపు చూసింది.

రెండూ కదులుతున్నాయి.